పోస్టర్ టైటిల్‌కి టెక్స్చర్ (గోడలాంటి గరుకుతనం) వేస్తే భయం రావట్లేదు, మురికి కనిపిస్తోంది. ఏం చేయాలి?

ఫ్రెండ్స్ తీస్తున్న హారర్ షార్ట్ ఫిల్మ్‌కి పోస్టర్ చేస్తున్నాను. టైటిల్ ‘పాత మెట్లు’. ఏళ్ల తరబడి తడిసి పెచ్చులూడిన గోడ మీద ఆ అక్షరాలు సగం చెరిగిపోయినట్టు ఉండాలని నా ఆలోచన. రక్తం కారే ఫాంట్లు మాత్రం వద్దు, వాటిని చూస్తే నాకు నవ్వొస్తుంది.

గోడ ఫొటోను అక్షరాల మీద మల్టిప్లై మోడ్‌లో (కిందిదాన్ని ముదురు చేస్తూ కలిపే పద్ధతి) పెడితే మొత్తం నల్లబడింది. ఓవర్‌లేలో (వెలుగునీడల తేడా పెంచుతూ కలిపే పద్ధతి) పెడితే అక్షరాల మీద బురద చల్లినట్టుంది. లేయర్ మాస్క్‌తో (అసలు బొమ్మ చెడకుండా కొంత భాగాన్ని దాచే పద్ధతి) అక్షరాలనే అక్కడక్కడా చెరిపి చూశాను. అది కాస్త నయం, కానీ ‘ట్లు’లో కింది ల వత్తు సన్నగా ఉండటంతో ముందు అదే ఎగిరిపోయింది. ఫోన్‌లో చూసిన మా తమ్ముడు ‘పాత మెటు’ అని చదివాడు!

లావు ఫాంట్ తీసుకుంటే వత్తు నిలుస్తుంది కానీ కామెడీ సినిమాలా కనిపిస్తోంది. సన్నటి ఫాంట్‌లో అక్షరాల మధ్య ఖాళీ పెంచితే ఒంటరితనం బాగానే వచ్చింది, టెక్స్చర్ మాత్రం ఆగట్లేదు.

ఇంకో తలనొప్పి. ప్రింట్ 24x36 అంగుళాలు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 7200x10800 పిక్సెల్స్. నా గోడ ఫొటో వెడల్పు 3000 పిక్సెల్సే. సాగదీస్తే గరుకుతనం పోయి మసకగా తయారైంది.

వత్తులూ గుణింతాలూ పోకుండా అక్షరాలను అరగదీయడం ఎలా? చేత్తో రాసి స్కాన్ చేయడమే మేలంటారా? చేసినవాళ్లెవరైనా చెప్పండి, ప్లీజ్.