ఎంబ్రాయిడరీ మెషీన్: కరెంటు పోయి వచ్చాక కుట్టు పక్కకు జరుగుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మా షాపులో బ్లౌజ్ వర్కుకి సింగిల్ హెడ్, 12 సూదుల కంప్యూటర్ మెషీన్ పెట్టుకున్నాం. పెన్‌డ్రైవ్ నుంచి డీఎస్‌టీ అనే డిజైన్ ఫైలు ఎక్కించడం, ట్రేస్ చేసి సూది ఫ్రేముకు తగలదని చూసుకోవడం వచ్చు. డీఎస్‌టీలో అసలు రంగులు రావు కాబట్టి ఏ రంగుకి ఏ సూదో ప్యానెల్‌లో నేనే పెడుతున్నాను.

దారం తెగితే ఇబ్బంది లేదు, నాలుగైదు కుట్లు వెనక్కి జరిపి స్టార్ట్ చేస్తే అతుకు కూడా కనిపించదు. కరెంటు పోతేనే చిక్కు. మళ్లీ ఆన్ చేయగానే మెయిన్ షాఫ్ట్ (సూదిని నడిపే ప్రధాన ఇరుసు) ఆగాల్సిన 100 డిగ్రీల దగ్గర లేదని చూపిస్తుంది. చేత్తో తిప్పి 100కి తెచ్చి స్టార్ట్ చేస్తే, కొత్త కుట్లు పాతవాటి పక్కన నూలుపోగంత ఎడంగా పడుతున్నాయి. నిన్న నెమలి మెడ దగ్గర ఇలాగే జరిగింది. పట్టు గుడ్డ మీద విప్పితే సూది రంధ్రాలు మిగిలిపోతాయి, కస్టమర్‌కి ఏం చెప్పాలో తెలియక ఒకటే టెన్షన్.

డిజైన్ మొదలుపెట్టే ముందే ఆరిజిన్ (డిజైన్ మొదలయ్యే చోటు) సేవ్ చేసుకోవాలా? కరెంటు వచ్చాక రికవరీ (ఆగిన చోటికి మళ్లీ తేవడం) చేసేటప్పుడు ఫ్రేము తీసేయాలా, ఉంచాలా? మీరు ఏ బటన్ తర్వాత ఏది నొక్కుతారో వరుసగా చెప్పండి. అలాగే జరీ దారానికి స్పీడు ఎంత పెడుతున్నారు? పెళ్లి ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, దయచేసి తెలిసినవాళ్లు సాయం చేయండి.