అప్‌డేట్: పాత స్క్రోల్ సా దారికొచ్చింది

సెకండ్ హ్యాండ్‌లో కొన్న 16 అంగుళాల స్క్రోల్ సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపుల డిజైన్లు కోసే మెషీన్) తెగ వణుకుతోందని, కోత నిటారుగా రావట్లేదని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్సండీ.

వణుకు సంగతి తేలిగ్గానే తేలింది. బరువైన టేకు బల్లకి బోల్టులతో బిగించి, మధ్యలో రబ్బరు షీటు వేశాను. ఇప్పుడు పక్కన టీ గ్లాసు పెట్టినా తొణకట్లేదు.

మెషీన్‌లో చెక్క పెట్టే టేబుల్ బ్లేడుకి నిటారుగా ఉందో లేదో సరిచూసుకోవడానికి ఒకరు చెప్పిన చిట్కా మాత్రం అదిరింది. మందపాటి చెక్కముక్క అంచుకి ఆ బ్లేడుతోనే చిన్న గాటు పెట్టి, ముక్కని అలాగే తిప్పి బ్లేడు వెనక వైపు నుంచి ఆనించాలి. గాటులోకి బ్లేడు పైనుంచి కింది దాకా తిన్నగా దిగితే 90 డిగ్రీలు ఉన్నట్టే. నాది దిగలేదు! మెషీన్ మీద టేబుల్ వంపు చూపే స్కేలేమో సున్నా చూపిస్తోంది. దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు.

పిన్ను బ్లేడ్లు (రెండు చివర్లా అడ్డంగా చిన్న పిన్ను ఉండేవి) తీసేసి, పిన్ను లేనివి పట్టే క్లాంపులు వేశాను. చెక్క మధ్యలో కోసే డిజైన్లకి బ్లేడు దూర్చడానికి ఇప్పుడు సన్నటి బెజ్జం చాలు. కొత్త బ్లేడు కొంచెం కుడికి లాగుతోంది. తయారీలో పళ్లకి ఒక పక్క గరుకు మిగిలిపోతుంది కాబట్టి అది మామూలే. చెక్కని కాస్త ఏటవాలుగా తోస్తున్నా.

పొట్టు ఊదే పంపు చచ్చింది. దాని బదులు అక్వేరియం పంపు తగిలించా, భేషుగ్గా ఊదుతోంది.