డ్రెయిన్ బోల్ట్ తల అరిగిపోయింది, ఎలా తీయాలి?

పాతకారు:
ఆయిల్ మారుద్దామని కారు కింద దూరితే, పాత ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ బోల్ట్ కదలనంటోంది. పోయిన సర్వీసులో ఎవరో ఎయిర్ గన్‌తో బిగించినట్టున్నారు, స్పానర్ పెట్టి లాగితే జారిపోతోంది, మూలలు సగం గుండ్రంగా అయిపోయాయి. ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే ఛాంబర్ అల్యూమినియంది, గట్టిగా లాగితే పగులుతుందేమోనని టెన్షన్. ఎవరికైనా ఇలా అయిందా?

స్పానర్‌బాబాయ్:
ముందు పోయింది తలో, థ్రెడ్లో (మరలో) తేల్చుకోండి, రెండిటికీ మందు వేరు. స్పానర్ జారుతూ బోల్ట్ అస్సలు తిరక్కపోతే తల పోయినట్టు. తిరుగుతూనే ఉండి బయటికి రాకపోతే థ్రెడ్లు పోయినట్టు. మీది తలే. పన్నెండు మూలల సాకెట్ పక్కన పడేసి ఆరు మూలలది తీసుకోండి, అది మూలల్ని కాకుండా పలకల్ని పట్టుకుంటుంది. మట్టి, జిడ్డు బ్రష్‌తో గీకేసి సాకెట్‌ను సుత్తితో తట్టి పూర్తిగా ఎక్కించండి. కింద పడుకుని పైకి చూస్తున్నప్పుడు గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి, ఆ భంగిమలో చాలామంది దిక్కు తికమకపడి ఇంకా బిగించేస్తుంటారు. ఇంకో మాట, అది గేర్‌బాక్స్ బోల్ట్ కాదు కదా?

పాతకారు:
కాదు బాబాయ్, మాన్యువల్‌లో బొమ్మ చూసుకునే దూరాను. ఆరు మూలలది కూడా జారింది.

నట్టుబోల్టు:
అయితే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్టే. లోపల మెలి తిరిగిన పళ్లుంటాయి, తిప్పేకొద్దీ తలలోకి దిగి కరిచి పట్టుకుంటాయి. కొంచెం బిగుతుగా ఉండే సైజు తీసుకుని సుత్తితో కొట్టి ఎక్కించండి. వైస్ గ్రిప్ (పట్టుకుని లాక్ అయ్యే పట్టకారు) తల ఎత్తుగా ఉంటేనే పనిచేస్తుంది. ఉలి పెట్టి కొట్టే పద్ధతి కూడా ఉంది కానీ అల్యూమినియం ఛాంబర్ దగ్గర నేనైతే చేయను. మంట పెట్టి వేడిచేయమని ఎవరైనా చెబితే అస్సలు వినొద్దు, పైన ఉన్నది ఆయిల్. ఇంజన్ కాసేపు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు ప్రయత్నిస్తే చాలు, ఉక్కు కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు కాస్త సడలుతుంది.

ఆదివారం మెకానిక్:
ఇంత గొడవెందుకు, ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ గొట్టంలోంచి వాక్యూమ్ పంపుతో పైనుంచే లాగేయొచ్చుగా.

నట్టుబోల్టు:
ఈసారికి గట్టెక్కుతారు, అంతే. కొన్ని కార్లలో ఆ గొట్టం అడుగుదాకా వెళ్లదు, కొన్ని కొత్త కార్లకు డిప్‌స్టిక్కే లేదు.

పాతకారు:
ఎక్స్‌ట్రాక్టర్‌తో వచ్చేసింది! కానీ బోల్ట్‌తో పాటు సన్నటి అల్యూమినియం తీగలు చుట్టుకుని వచ్చాయి. కొత్త బోల్ట్ పెడితే చివర్లో బిగుసుకోకుండా స్లిప్ అవుతోంది. టెఫ్లాన్ టేప్ చుట్టేస్తే సరిపోతుందా?

స్పానర్‌బాబాయ్:
వద్దు. లేని థ్రెడ్లను టేప్ తెచ్చిపెట్టదు. పైగా ముక్కలు ఊడి ఆయిల్‌లో కలిస్తే ఇంకో తలనొప్పి.

ఆదివారం మెకానిక్:
ఓవర్‌సైజ్ సెల్ఫ్ ట్యాపింగ్ బోల్ట్ వేసేయండి, దాని దారి అదే కోసుకుంటూ వెళ్తుంది. నా కారులో అదే ఉంది, చుక్క కారదు.

గ్రీజుచేతులు:
పనిచేస్తుంది, కానీ అది వంకరగా దిగితే వాషర్ సరిగా కూర్చోదు, కారుతూనే ఉంటుంది, ఆ తర్వాత కోయడానికి లోహం కూడా మిగలదు. నా ఓటు ఇన్సర్ట్‌కి. రంధ్రం పెద్దది చేసి, ట్యాప్ అనే మర కోసే పనిముట్టుతో కొత్త థ్రెడ్ కోసి, లోపల ఉక్కు ఇన్సర్ట్ దించుతారు, మీ పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. ఇందులో స్ప్రింగులా ఉండే హెలికాయిల్ ఒకటి, గట్టి గొట్టంలా ఉండే బుషింగ్ ఇంకొకటి. మాటిమాటికీ విప్పే చోటు కాబట్టి బుషింగే మేలు, స్ప్రింగు ఒక్కోసారి బోల్ట్‌తో పాటే ఊడి వస్తుంది. ఛాంబర్ దించి బల్ల మీద పెట్టి చేస్తే రంధ్రం నిటారుగా వస్తుంది, రజను మొత్తం కడిగేయొచ్చు. దించే వీలు లేకపోతే ట్యాప్ గాడుల్లో గ్రీజు దట్టంగా పూయండి, రజను దానికి అంటుకుంటుంది, ఆపైన పైనుంచి కొంచెం ఆయిల్ పోసి కిందికి వదిలేయండి. అదెలాగూ పారబోసేదే, పిసినారితనం వద్దు.

స్పానర్‌బాబాయ్:
ఛాంబర్ కొత్తది దొరికితే అదీ ఆలోచించండి, పాతదానికి పగులు కూడా ఉంటే వేరే దారే లేదు. ఏది చేసినా కొత్త వాషర్ వేసి, ముందు చేత్తో తిప్పి, తర్వాత ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్నంతే బిగించండి. చాలా కార్లకు అది 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మనం బలమంతా పెట్టి లాగేదానికంటే బాగా తక్కువ.

పాతకారు:
సరే, ఛాంబర్ దించి బుషింగే వేయిస్తా. థాంక్స్ అందరికీ.

కొత్త డ్రైవర్:
మధ్యలో దూరుతున్నా, నా బోల్ట్ తిరుగుతూనే ఉంది, బయటికి మాత్రం రావడం లేదు. తల బాగానే ఉంది.

గ్రీజుచేతులు:
థ్రెడ్లు పోయాయి బ్రో. ఇంకొకరిని సాయం పిలువు. ఒకరు ఫ్లాట్ స్క్రూడ్రైవర్ వాషర్ వెనక దూర్చి మెల్లగా కిందికి ఒత్తుతుంటే ఇంకొకరు స్పానర్ తిప్పాలి, మిగిలిన ఒకటో రెండో థ్రెడ్లను పట్టుకుని దిగి వస్తుంది. వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఊడుతుంది, మొహం పక్కకి పెట్టుకో, ట్రే ముందే కింద పెట్టు.