తొమ్మిదో తరగతితో రాయబారం సీన్: డైలాగులు వచ్చాయి, నటన రావడం లేదు

ప్రశ్న (తెలుగు టీచర్):
నమస్కారం. మాది జిల్లా పరిషత్ హైస్కూలు. వార్షికోత్సవానికి తొమ్మిదో తరగతి పిల్లలతో శ్రీకృష్ణ రాయబారం వేయిస్తున్నాను. పద్యాలు రెండే, మిగతాది మామూలు మాటల్లో నేనే రాశాను. డైలాగులు అందరికీ కంఠతా వచ్చేశాయి. కానీ దుర్యోధనుడు సినిమాల్లో విన్న గొంతునే దించేస్తున్నాడు, కృష్ణుడేమో పాఠం అప్పజెప్పినట్టు చెబుతున్నాడు. పైగా క్లాసులో నలభై మంది, పాత్రలు ఎనిమిదే. మిగతావాళ్లు అల్లరి చేస్తున్నారు. ఎక్కువ రోజుల్లేవు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు (నాటక దర్శకుడు):
మేడమ్, రెండు పీరియడ్ల పాటు డైలాగులు పూర్తిగా పక్కన పెట్టించండి. ఇద్దరిని నిలబెట్టండి. ఒకడు బెంచీ మీద కూర్చున్నాడు, రెండోవాడికి ఆ బెంచీ కావాలి. తోయకూడదు, తిట్టకూడదు. మొదట బతిమాలాలి, తర్వాత ఆశ పెట్టాలి, అదీ కుదరకపోతే బెదిరించాలి. పిల్లలు దీన్ని ఇట్టే పట్టుకుంటారు. రాయబారంలో కృష్ణుడు చేసేదీ ఇదే కదా! సంధి అడుగుతాడు, అయిదూళ్లయినా ఇమ్మంటాడు, చివరికి యుద్ధంలో ఏమవుతుందో చెబుతాడు. దుర్యోధనుడు సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనంటాడు. ఈ మాటలు పిల్లల్ని సొంత యాసలో చెప్పనివ్వండి. ఎదుటివాడి నుంచి తనకేం కావాలో తెలిశాక మీరు రాసిన డైలాగుకు తిరిగొస్తే గొంతు దానంతటదే మారుతుంది.

మిగతా ముప్పై రెండు మందిని సభలో కూర్చోబెట్టండి. ఒక్కొక్కరికీ ఒక పక్షం ఇవ్వండి: విదురుడి వైపు వాళ్లు, కర్ణుడి వైపు వాళ్లు, నోరు విప్పడానికి భయపడేవాళ్లు. కృష్ణుణ్ణి బంధించమన్న క్షణంలో చప్పట్లు కొట్టి అందరినీ బొమ్మల్లా ఆపేయండి. ఎవరి భుజం తట్టితే వాళ్లు ఆ క్షణంలో తమ మనసులో ఉన్నది ఒక్క వాక్యంలో చెప్పాలి.

ఇంకోటి. ధృతరాష్ట్రుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి క్లాసంతా ప్రశ్నలు వేయాలి. ‘కొడుకుని ఎందుకు ఆపలేదు?’ అని అడిగితే ఆ పిల్లాడు పాత్రగానే జవాబివ్వాలి. పాత్ర అర్థమైందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష పేపరు కంటే ఇది నమ్మకం.

జవాబు (పద్యనాటక కళాకారిణి):
పద్యాల సంగతి నేను చెబుతాను. హార్మోనియం తర్వాత. ముందు పద్యాన్ని మాటగా చెప్పించండి, ఎక్కడ విరిస్తే అర్థం నిలుస్తుందో పిల్లలనే గుర్తు పెట్టమనండి. పద్యనాటకాల్లో రాగం మీదే మోజు పెంచుకుని ‘వన్స్ మోర్’ల కోసం అర్థాన్ని మింగేసినవాళ్లున్నారు. పిల్లలకు ఆ అలవాటు అంటకూడదని నా కోరిక.

వచనంలో ఇంకో చిక్కు. మన వాక్యంలో క్రియ చివర్లో వస్తుంది, పిల్లలకు ఊపిరి అయిపోయేదీ అక్కడే. ‘రాజ్యం ఇవ్వను’ అన్నప్పుడు ‘ఇవ్వను’ వినపడకపోతే ఇచ్చాడో లేదో ప్రేక్షకుడికి తెలియదు. చివరి బెంచీలో ఒకర్ని కూర్చోబెట్టి, వాక్యం చివరి మాట వినపడినప్పుడల్లా చెయ్యెత్తమనండి. అరవడం నేర్పొద్దు. మైకు లేకుండానే సాధన చేయించండి.

ప్రశ్న అడిగినవారు:
బెంచీ ఆట ఆడించాను సర్, దుర్యోధనుడి గొంతు నిజంగానే మారింది. మరి కిరీటాలు, మేకప్? పిల్లలు రోజూ అవే అడుగుతున్నారు. అస్సలు మాట్లాడని ఇద్దరమ్మాయిలు కూడా ఉన్నారు.

జవాబు (నాటక దర్శకుడు):
నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాల్లో ఆహార్యం, అంటే వేషం, అలంకరణ కూడా ఒకటి, కాబట్టి పిల్లల ఆశ తప్పు కాదు. కిరీటం పెట్టుకుంటే మెడ తిప్పే తీరు మారుతుంది. అందుకే చివరి రోజు దాకా ఆగకుండా అట్టతో చేసినవి ఇప్పుడే ఇచ్చేయండి. మేకప్ మాత్రం తేలిగ్గా చాలు.

ఆ అమ్మాయిలిద్దరినీ బలవంతం చేయకండి. శంఖం, డప్పు ఒకరికి అప్పగించండి. రెండో అమ్మాయి గాంధారిని చేయి పట్టుకుని సభకు తీసుకొచ్చే చెలికత్తె కావచ్చు. మాట లేకపోయినా ఎప్పుడు నడవాలి, ఎక్కడ ఆగాలి అన్నది ఆమె చేతుల్లోనే ఉంటుంది.