త్రీ సిక్స్ మాఫియా 2005లో చెడిపోయిందా, బాగుపడిందా?

క్యాసెట్‌పిచ్చోడు:
ఇది మా తమ్ముడితో మొదలైన గొడవ, ఇంట్లో తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నా. వాడు జిమ్‌లో ఫోంక్ వింటాడు, అదే, బైకు రీల్స్ అన్నిటి వెనకా కౌబెల్ టంగ్ టంగ్‌మని మోగుతుందే, ఆ మ్యూజిక్. అది ఎక్కణ్ణుంచి పుట్టిందో చూడరా అని కూర్చోబెట్టి, అమెరికాలోని మెంఫిస్‌కి చెందిన ర్యాప్ గ్రూపు త్రీ సిక్స్ మాఫియా 1995 ఆల్బమ్ 'మిస్టిక్ స్టైల్జ్' పెట్టా. పది నిమిషాలు విని "అన్నా, దీన్ని నీళ్ల ట్యాంకులో కూర్చుని రికార్డ్ చేశారా?" అన్నాడు. తర్వాత వాడే వెతికి అదే గ్రూపు 2005లో చేసిన 'మోస్ట్ నోన్ అన్‌నోన్' పెట్టి "ఇదీ పాటంటే" అన్నాడు. రాత్రి భోజనం దగ్గర కూడా ఇదే.

నా మాట ఒక్కటే. 1995లో వాళ్ల పాట వింటే వెనక ఎవరో నిలబడ్డట్టు ఉండేది. ఆ బొంగురు శబ్దం, టేపు వెనక వచ్చే ఆ సన్నటి 'స్‌స్‌స్', దయ్యాల సినిమా లాంటి కీబోర్డు, అదంతా కలిస్తేనే త్రీ సిక్స్. 2005కి పెద్ద కంపెనీ డబ్బు వచ్చింది, ఆ చీకటి కడిగేశారు. అందులోని 'స్టే ఫ్లై' మంచి పాటే, కాదనను. కానీ అది ఎవరైనా చేయగలిగిన పాట. మీరేమంటారు?

డిక్కీబేస్:
"ఎవరైనా చేయగలిగిన పాట" అట. ఎవరు చేశారు మరి? విల్లీ హచ్ డెబ్బైల నాటి సోల్ పాటలోంచి ఆ ఆలాపన తీసి, స్పీడు పెంచి, దాని కింద అంత బరువైన డ్రమ్స్ పెట్టాలంటే చెవి ఉండాలి. అమెరికా పాటల చార్ట్ బిల్‌బోర్డ్ హాట్ 100లో 13వ స్థానం దాకా వెళ్లింది కాబట్టి చెడ్డదైపోయిందా? మన వాళ్లకి ఇదొక జబ్బు. నలుగురు వింటే చాలు, మనకి నచ్చదు.

ఓరుగల్లు_వూఫర్:
క్యాసెట్ అన్నా, కోపం తెచ్చుకోకు, నువ్వు ప్రేమిస్తున్నది పాటని కాదు, పేదరికాన్ని. వాళ్లు మొదలుపెట్టిందే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు లాంటి చవక సామానుతో. మంచి స్టూడియో ఉంటే ఆ రోజే వాడేవాళ్లు. 'స్‌స్‌స్' శబ్దం వాళ్లు కోరి పెట్టింది కాదు, పోగొట్టుకోలేక ఉండిపోయింది.

క్యాసెట్‌పిచ్చోడు:
కోరి పెట్టకపోతే ఏంటి భయ్యా? కట్టెల పొయ్యి మీద పప్పుకి పొగ వాసన కూడా ఎవరూ కోరి పెట్టరు. గ్యాస్ స్టవ్ వచ్చాక ఆ రుచి పోయిందని అనమా?

ఓరుగల్లు_వూఫర్:
అంటాం. అంటూ గ్యాస్ మీదే వండుకుంటాం 😂

మిసిసిపీ_ఒడ్డు:
నేను మెంఫిస్‌లోనే ఉంటాను, ఉద్యోగం కోసం వచ్చి పదేళ్లు దాటింది, అందుకని రెండు ముక్కలు.

ఈ సంగీతాన్ని ఇయర్‌ఫోన్స్‌లో వినే వాళ్లకి ఒకలా, కారులో వినే వాళ్లకి ఒకలా ఉంటుంది. ఇక్కడ కారు లేకపోతే పాలు కూడా తెచ్చుకోలేం. ఈ గ్రూపులోని డీజే పాల్, జూసీ జె కుర్రాళ్లుగా ఉన్నప్పుడు సొంతంగా మిక్స్ టేపులు చేసి అమ్ముకునేవాళ్లు, ఆ రోజుల్లో మెంఫిస్ టేపులు రికార్డుల షాపుల్లోనే కాదు, కారు స్టీరియోలు బిగించే షాపుల్లో కూడా దొరికేవి. అంటే డిక్కీలో పెద్ద స్పీకర్లు పెట్టించుకున్నవాడే కస్టమర్. నా కారు బాగుచేసే పెద్దాయనకి యాభై దాటాయి, ఈ ఊళ్లోనే పెరిగాడు. ఆయన పాత షెవీ డిక్కీ మూత మీద నంబర్ ప్లేటు వెనకాల మడత పెట్టిన రబ్బరు ముక్క ఉంటుంది, ఎందుకంటే అది లేకపోతే బేస్‌కి ప్లేటు గిలగిలా కొట్టుకుని పాటకంటే అదే ఎక్కువ వినపడుతుంది. ఆ కారులో ఆయన పెట్టేది 'మిస్టిక్ స్టైల్జ్' కాదు. 2000లో వచ్చిన 'వెన్ ద స్మోక్ క్లియర్స్'. నేను ఒకసారి 1995ది పెట్టమని అడిగితే పెట్టాడు. నిజం చెప్తున్నా, ఆ డిక్కీలో అది సన్నగా, పీలగా వినిపించింది. ఇంటికొచ్చి రాత్రి లైటు తీసేసి ఇయర్‌ఫోన్స్‌లో వింటే మళ్లీ భయమేసింది.

కాబట్టి శబ్దం శుభ్రపడటాన్ని మోసం అనలేను. కారు కోసం చేసినవాళ్లు కారుకి ఇంకా బాగా చేశారు, అంతే.

నల్లరిబ్బన్:
అసలు 2005 దాకా ఎందుకు వెళ్తున్నారు అందరూ? ఒకే పాట రెండుసార్లు రికార్డ్ చేశారు కదా, పక్కపక్కన పెట్టి వినండి. 'టేర్ ద క్లబ్ అప్' 1995 ఆల్బమ్‌లో ఉంది, మళ్లీ 1997లో 'చాప్టర్ 2: వరల్డ్ డామినేషన్'లో కొత్తగా చేశారు. అరుపు అదే. రెండోదానిలో డ్రమ్ గట్టిగా నిలబడుతుంది, గొంతులు ముందుకొచ్చాయి, పొగమంచు లేదు. ఆ పాట మోగితే జనం నిజంగానే క్లబ్బు పీకి పందిరేసేవారట, పెట్టడానికి డీజేలు భయపడేవారని చెప్తారు. మన దగ్గర బరాత్‌లో తీన్‌మార్ పీక్‌కి వెళ్లినప్పుడు పెళ్లికొడుకు తరపు పెద్దవాళ్లు బ్యాండువాళ్లని బతిమాలుతారే, ఆ టైపు అనుకోండి. మరి ఏ వెర్షన్ ఎక్కువ మందికి చేరింది? శుభ్రంగా ఉన్నదే.

ఇంకోటి. అందరూ దయ్యాల ఆల్బమ్ అనే 'మిస్టిక్ స్టైల్జ్'లోనే 'ద సమ్మా' అని ఒక పాట ఉంది, ఎండాకాలం సాయంత్రం కిటికీ దించుకుని తిరిగే పాట. మెత్తగా ఉంటుంది. అంటే మెత్తదనం 2005లో పైనుంచి దిగలేదు.

డిక్కీబేస్:
+1. పైగా బయటి ప్రొడ్యూసర్లు వచ్చి మార్చారా అంటే అదీ లేదు. మొదట్నుంచీ బీట్లు చేసింది పాల్, జూసీ జె ఇద్దరే. కంపెనీలు మారాయి, చేతులు మారలేదు.

క్యాసెట్‌పిచ్చోడు:
చేతులు అవే, కళ్లు వేరే వైపు చూశాయి. 2006లో ఆస్కార్, 2007లో హాలీవుడ్‌లో కాపురం పెట్టి ఎంటీవీ రియాలిటీ షో. తర్వాత జూసీ జె కేటీ పెర్రీ పాటలో ర్యాప్ చేశాడు. ఎటు వెళ్తున్నారో 2005లోనే కనిపించింది.

సికింద్రాబాద్_శీను:
ఆస్కార్ అంటే గుర్తొచ్చింది, వాళ్లకి వచ్చింది మన 'నాటు నాటు'కి 2023లో వచ్చిన కేటగిరీయే, ఒరిజినల్ సాంగ్. ర్యాప్‌కి మొదటి ఆస్కార్ వీళ్లదే కదా?

నల్లరిబ్బన్:
కాదు శీనూ, 2003లో ఎమినెమ్‌కి వచ్చింది, కానీ ఆయన వేడుకకి వెళ్లలేదు. ఆ స్టేజి మీద ర్యాప్ పాడింది మాత్రం వీళ్లే మొదట. 'హజిల్ అండ్ ఫ్లో' సినిమా పాట, టీవీ కోసం మాటలు కొన్ని మార్చి పాడారు. ఆ పాటని వాళ్ల గొప్ప పాటల్లో వేయను నేను.

మంగళగిరి_మైక్:
ఇన్ని పోస్టులు చదివాను, టేపు, డ్రమ్ము, డిక్కీ, ఆస్కార్ అన్నీ వచ్చాయి. పాడేవాళ్ల మాట ఒక్కరూ ఎత్తలేదు. మైక్ ముందు ఎవరున్నారో లెక్కపెట్టండి ముందు.

1995లో ఆరుగురు. డీజే పాల్, జూసీ జె, లార్డ్ ఇన్ఫమస్, కూప్‌స్టా నిక్కా, క్రంచీ బ్లాక్, గ్యాంగ్‌స్టా బూ. ఇన్ఫమస్ పాల్‌కి సవతి సోదరుడు, మూడేసి అక్షరాలు గుత్తులుగా దొర్లించే ఆ పద్ధతి ఆయనది. పదిహేనేళ్లు దాటాక అట్లాంటా వాళ్లు అదే పద్ధతిలో పాడితే ప్రపంచమంతా కొత్తదనుకుంది. కూప్‌స్టా గొంతు నిద్రలో కలవరించినట్టు సాగుతుంది. వీళ్ల మధ్య గ్యాంగ్‌స్టా బూ. మొదటి ఆల్బమ్ వచ్చేసరికి ఆ పిల్లకి పదిహేనేళ్లు. ఐదుగురు మగాళ్లు గొంతు తగ్గించి భయపెడుతుంటే మధ్యలో ఆమె వచ్చి స్పష్టంగా, మొహం మీద కొట్టినట్టు మాట్లాడుతుంది, ఆ ఒక్క నిమిషం పాట మొత్తం నిటారుగా కూర్చుంటుంది. నాకు ఈ గ్రూపు అలవాటైందే ఆమె వల్ల.

2005 ఆల్బమ్ నాటికి కూప్‌స్టా లేడు, బూ లేదు. మరుసటి ఏడాది క్రంచీ బ్లాక్ వెళ్లిపోయాడు, ఇన్ఫమస్ కూడా దూరమయ్యాడు. 2008 ఆల్బమ్ పేరే 'లాస్ట్ 2 వాక్', మిగిలింది ఇద్దరమే అని వాళ్లే చెప్పుకున్నారు. ఆ ఇద్దరూ బీట్లు కట్టడంలో మొనగాళ్లు, ర్యాప్‌లో ఫర్వాలేదు. ఖాళీ గొంతుల్ని అతిథులతో నింపారు. 'స్టే ఫ్లై'లో యంగ్ బక్, ఎయిట్‌బాల్ అండ్ ఎమ్‌జేజీ ఉన్నారు కదా, వాళ్లు బాగా పాడారు, కానీ వాళ్లు చుట్టాలు, ఇంటివాళ్లు కాదు. క్యాసెట్ గారికి పోయిందనిపిస్తున్నది టేపు శబ్దం కాదని నా అనుమానం.

ఓరుగల్లు_వూఫర్:
అక్కా 🙏 ఇంతసేపూ మేం స్పీకర్ల గురించే కొట్టుకున్నాం.

డిక్కీబేస్:
పాయింటే. కానీ ఒక్క మాట అక్కా, 2000 ఆల్బమ్ నాటికి శబ్దం పూర్తిగా శుభ్రపడింది, గొంతులు చాలావరకు అక్కడే ఉన్నాయి, టెక్సస్ ర్యాప్ జంట యూజీకే వాళ్లు కూడా వచ్చి ఒక పాటలో చేరారు. బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల చార్ట్‌లో ఆరో స్థానంలో దిగింది. మరి దాన్ని చెడిపోయింది అని ఎవరూ అనరేం?

మంగళగిరి_మైక్:
నేను చెప్పేదీ అదే తమ్ముడూ. శబ్దమే నేరమైతే 2000లోనే శిక్ష పడాలి.

క్యాసెట్‌పిచ్చోడు:
సరే, 2000 ఆల్బమ్‌ని మళ్లీ మొదట్నుంచి విన్నా ఇప్పుడు. దానిమీద నాకు ఎప్పుడూ ఫిర్యాదు లేదు, ఎందుకు లేదో ఆలోచించలేదు. మైక్ గారు చెప్పింది సగం ఒప్పుకుంటున్నా. మిగతా సగం ఒప్పుకోను, ఆ 'స్‌స్‌స్' నాకు కావాలి, పేదరికం అనుకున్నా సరే. ఇన్ఫమస్ 2013లో, కూప్‌స్టా 2015లో, బూ 2023 జనవరి 1న పోయారు. ఆ టేపుల్లో ముగ్గురూ ఒక చిన్న గదిలో పక్కపక్కన నిలబడినట్టు వినిపిస్తుంది. శుభ్రం చేస్తే ఆ గది కనపడదు నాకు.

మా తమ్ముడు ఇది చదివి "ద సమ్మా ఏదన్నా, అది పెట్టు" అంటున్నాడు. మిసిసిపీ అన్నా, ఆ షెవీలో 'ద సమ్మా' ఎలా ఉంటుందో ఒకసారి పెద్దాయన్ని అడిగి చెప్పు.

మిసిసిపీ_ఒడ్డు:
శనివారం ఆయిల్ మార్పించాలి ఎలాగూ. అడుగుతా.