‘మృగమద సౌరభ విభవ’: ఆ వాసన ఒంటిదా, తాంబూలానిదా?

ఈ పద్యం మీద మాట వచ్చినప్పుడల్లా అప్సరస వరూధిని ఒంటికి కస్తూరి పూసుకుందనే రాస్తున్నారు, పెద్దన మనుచరిత్రలో అలా చెప్పలేదండీ. ఒకసారి మళ్లీ చదవండి:

మృగమద సౌరభ విభవ
ద్విగుణిత ఘనసార సాంద్ర వీటీ గంధ
స్థగితేతర పరిమళమై
మగువ పొలుపుఁ దెలుపు నొక్క మారుత మొలసెన్

మృగమదం అంటే కస్తూరి, వీటీ అంటే తాంబూలం, ఘనసారం అంటే కర్పూరం. కస్తూరి వల్ల కర్పూరం ఘుమఘుమ రెట్టింపై, దాంతో చిక్కబడ్డ తాంబూలపు వాసన మిగతా పరిమళాలన్నిటినీ కప్పేసి, ఇక్కడొక ఆడమనిషి ఉందని చెబుతూ గాలి వీచింది. పొలుపును కొందరు అందమని చెబుతున్నారు, నేను మాత్రం ఉనికి అనే అంటాను, ఎందుకంటే ఆమె ఇంకా హిమాలయం చూడవచ్చిన బ్రాహ్మణుడు ప్రవరుడి కంటపడనే లేదు.

నాకు ప్రాణం ఆ ‘ద్విగుణిత’ దగ్గరే. కర్పూరం ఒక్కటే అయితే ఇట్టే హరించుకుపోతుంది, డబ్బాలో నాలుగు మిరియాలు వేసి దాచేది అందుకే కదా. కస్తూరి మెల్లగా విడుస్తుంది, తోడున్న వాసనను కూడా పట్టి ఉంచుతుంది. పైన చురుగ్గా తగిలేది ఒకటి, అడుగున బరువుగా నిలిచేది ఒకటి, అత్తరు కూర్పంతా ఇదే. అదీ మంచుకొండల్లో, ప్రవరుణ్ణి అక్కడికి చేర్చిన మహిమగల పాదలేపం మంచుకు కరిగిపోయిన చోట! చలిలో ఏ వాసనైనా మందగిస్తుంది, నిమ్మలాంటి పలచనివి అలా వచ్చి ఇలా పోతాయి, చిక్కనిదే నిలబడుతుంది.

చలికాలానికి ఏ అత్తరు కొనాలని అడిగేవారికి: అసలు కస్తూరి జోలికి పోకండి, అది వచ్చే కస్తూరి జింకకు 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. చార్మినార్ దగ్గర అత్తరు కొట్లలో శమామా అడగండి. కనౌజ్‌లో లవంగం, యాలకులు, జాజికాయ, జటామాంసి లాంటివి డేగులనే రాగి బానల్లో కాచి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి దింపి చేసే అత్తరు అది. సీసా మూత వాసన చూసి మాత్రం కొనొద్దు. మణికట్టు లోపలివైపు చుక్క రాసుకుని గంటసేపు బజారంతా తిరిగి రండి, మొదట ఆయుర్వేద మందుల కొట్టులో నిలబడ్డట్టు ఘాటుగా ఉంటుంది, అది తగ్గాక యాలకుల తీపి, ఆ తర్వాత చందనం తెలుస్తాయి. ఆ చివరిది నచ్చితేనే డబ్బులివ్వండి.

చలికి చర్మం పొడిబారుతుంది, కాబట్టి స్నానం కాగానే కాస్త వాసలీన్ రాసి దానిమీద అత్తరు పెట్టండి. శాలువాకైతే లోపలి మడతకే, ఆ అత్తరు ముదురు రంగు మరక వదలదు. బయట చలిలో మన ముక్కుకు తెలియట్లేదని ఇంకో చుక్క వేసుకుంటే, అద్దాలు మూసిన బస్సులో ఒళ్లు వేడెక్కాక పక్కవాళ్లకు తలనొప్పే.