మడత చాకుకి తాడు కట్టాలా, వద్దా? ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు, చేపలు పట్టేవాళ్లు చెప్పండి

కృష్ణలంక కుర్రాడు · శనివారం, రాత్రి 9:10

మా బ్యాచ్ సెలవు రోజుల్లో కొండపల్లి అడవిలో, మూలపాడు సీతాకోకచిలుకల పార్కు వైపు నడకకి వెళ్తుంటుంది. ఈ మధ్య మా లీడరన్న ఒక రూలు పెట్టాడు. మడత చాకు తెచ్చుకునేవాళ్లు దానికి తాడు కట్టాలట, ఆ తాడు రెండో కొస బెల్టుకి ఉండాలట. లేదంటే చాకు ఇంట్లో పెట్టి రావాలి. ఎవరో ఒకరు చాకు పారేసుకోవడం, దానికోసం అందరూ ఆగి ఆకులు కెలకడం, ఈలోగా ఎండ నెత్తికెక్కడం, ఇదీ ఆయన బాధ.

నాకైతే ఈ రూలు తలనొప్పిగా ఉంది. అక్కడంతా రేగు కంప, తుమ్మ, వాక్కాయ పొదలు. నడుం దగ్గర తాడు వేలాడితే అడుగడుక్కీ తగులుకుంటుంది. పైగా జామకాయ కోయాలన్నా బెల్టు దగ్గరే వంగి కోయాలి. వాడి చూసినవాళ్లు చెప్పండి. వీడియో లింకులు మాత్రం పడేయకండి.

గేలం గుంటూరు · శనివారం, రాత్రి 9:32

మీ లీడర్ చెప్పింది కరెక్ట్. నేను గుంటూరు ఛానల్ గట్టు మీద, అప్పుడప్పుడు నాటు పడవ మాట్లాడుకుని కృష్ణలో గేలం వేస్తుంటాను. చేప జిగురు అంటిన చేత్తో చాకు పట్టుకుంటే సబ్బు ముక్క పట్టుకున్నట్టే. జారిందా, ఇక దాని సంగతి మర్చిపోవచ్చు. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు నిలిచి ఉంటాయి, అడుగంతా ఒండ్రు. చేతులు పెట్టి దేవినా బురదే వస్తుంది.

తాడు కట్టుకోవడానికి బద్ధకించేవాళ్లు చాకు ఖరీదు ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.

కొత్తపేట డాక్టరమ్మ · శనివారం, రాత్రి 10:05

గేలం గారూ, చాకు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. తెరిచి ఉన్న చాకు చేయి జారినప్పుడు చేయాల్సింది ఒక్కటే, దాన్ని వదిలేసి పాదాలు వెనక్కి తీసుకోవడం. బెల్టుకి తాడు కట్టి ఉంటే అది నేల మీద పడదు. తాడు ఉన్నంత మేర కిందికి వెళ్లి, ఊగి, తొడ దగ్గరికో మోకాలి దగ్గరికో వస్తుంది. అలుగు, అంటే చాకు కోసే రేకు, ఎటు తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

మణికట్టుకి ఉచ్చు వేసుకునేవాళ్లని చూస్తే నాకు ఇంకా భయం. రాళ్ల మీద కాలు జారి పడేటప్పుడు చేతిలో ఉన్నది విసిరేయాలి. మణికట్టుకి కట్టి ఉంటే ఎలా విసురుతారు? మీతోపాటే పడుతుంది.

ఇంకో మాట. చాకు కోతల్లో మోసం చేసేవి వేళ్ల మీద పడ్డ చిన్న గాట్లు. రక్తం పెద్దగా రాదు, బ్యాండేజీ వేసి ఊరుకుంటారు. వేలిని వంచే నరాలు అంటారే, ఆ స్నాయువులు అక్కడ చర్మం కిందే ఉంటాయి. గాటు పడ్డాక వేలు పూర్తిగా వంగకపోయినా, చాచలేకపోయినా, మొద్దుబారినా అదే రోజు చూపించుకోండి. చర్చకి సంబంధం లేదనుకోకండి. చాకు గురించి మాట్లాడే చోట ఇది చెప్పకుండా ఉండలేను.

గేలం గుంటూరు · శనివారం, రాత్రి 10:21

మీరు చెప్పింది నేల మీద నిజమే మేడమ్. పడవలో వెనక్కి వేయడానికి జాగా ఎక్కడుంది? నేను తాడు పొట్టిగా కడతాను, మోచేయి మడిచి కోసుకోవడానికి సరిపోయేంత. వదిలేసినా మోకాలి దాకా రాదు.

కొత్తపేట డాక్టరమ్మ · శనివారం, రాత్రి 10:26

మోకాలి దాకా రాకపోతే తొడ దగ్గర ఆగుతుంది. పెద్ద రక్తనాళం అక్కడే ఉంది సార్.

టవర్ మీద మనిషి · శనివారం, రాత్రి 11:40

డ్యూటీ అయిపోయి ఇప్పుడే చూశా. సెల్ టవర్ల మీద పని నాది. ఎక్కేటప్పుడు స్పానర్ నుంచి స్క్రూడ్రైవర్ దాకా ప్రతిదానికీ తాడు ఉండాల్సిందే. అది పరికరం పోతుందని కాదు, కింద మనిషి ఉంటాడని. పైనుంచి పడ్డ స్పానర్ హెల్మెట్‌ని కూడా లెక్కచేయదు.

చాకు విషయంలో మాత్రం మాది వేరే పద్ధతి. మీట వదలగానే అలుగు లోపలికి పోయే రకమే పైకి తీసుకెళ్తాం. తాడు హార్నెస్‌కి, అంటే ఒంటికి బిగించుకునే రక్షణ పట్టీలకి కడతాం, మణికట్టుకి కాదు. డాక్టరమ్మ గారు చెప్పిన ఊగుడు ఉన్నా, ఊగేది మూసుకున్న చాకు.

మూలపాడు దారిలో తమ్ముడి కింద ఎవరూ ఉండరు కదా. మరి ఆ తాడు ఎవరి కోసం?

పటమట బాబాయ్ · ఆదివారం, ఉదయం 6:15

ఇదంతా కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. మా నాన్న తరం రైతుల మొలతాడు చూశారా ఎవరైనా? బీరువా తాళం చెవి, ముల్లు తీసే చిమటా, చెవి గుబిలి తీసే పుల్ల, చిన్న మడత చాకు, అన్నీ దానికే. పొలంలో రోజంతా వంగి పనిచేసినా ఒక్కటీ పోయేది కాదు.

అయితే వాళ్లు కోసేటప్పుడు మొలతాడుకి ఉంచే కోసేవాళ్లు కాదు. కొక్కెం విప్పి, కోసి, అలుగు పంచెకి తుడిచి, మడిచి, మళ్లీ తగిలించేవాళ్లు. కుర్రాడూ, మీ లీడరు సగం పద్ధతే నేర్చుకున్నాడు. తాడు చాకు మూసి ఉన్నప్పుడు కావాలి. తెరిచాక దానికి తాడుతో పనేంటి?

పారాకార్డు, గీరాకార్డు అని ఆన్‌లైన్లో నైలాన్ తాడుకి బోలెడు డబ్బులు పోస్తున్నారు. పురికొస చాలు.

బ్రాడీపేట 4వ లైను · ఆదివారం, ఉదయం 8:50

బాబాయ్ గారూ, పురికొస రెండు వానలకి కుళ్లిపోతుంది. దాన్ని పక్కన పెడితే మీరు చెప్పిందే అసలు పాయింటు. అందరూ రెండు వేర్వేరు తాళ్లని ఒకటే అనుకుని వాదించుకుంటున్నారు. ఒకటి ఒంటికి కట్టేది. రెండోది చాకు పిడికి మాత్రమే ఉండే నాలుగంగుళాల కుచ్చు, దేనికీ కట్టి ఉండదు. కుర్రాడి బ్యాచ్‌కి కావాల్సింది రెండోది.

ఎందుకంటే, నడకలో చాకులు ఎలా పోతాయో చూడండి. జేబులోంచి జారిపోయేవి తక్కువ. ఏదో కోస్తాం, ఫోన్ మోగుతుంది, ఎవడో నీళ్ల సీసా అందించమంటాడు, చాకు పక్కనున్న బండ మీద పెడతాం. లేచి వెళ్లిపోతాం. నల్ల పిడి, బూడిద రంగు బండ, ఎండుటాకులు. తిరిగొచ్చి వెతికినా కనపడదు. బెల్టు తాడు ఈ మతిమరుపుని ఆపుతుంది, నిజమే. కానీ దాని కోసం డాక్టర్ గారు చెప్పిన ప్రమాదాన్ని మెడకి తగిలించుకోవడం దేనికి? కంటికి కొట్టొచ్చే రంగు కుచ్చు ఉంటే లేచేటప్పుడు చూపు దాని మీదే పడుతుంది.

రంగు దగ్గర అందరూ ఆరెంజ్ అంటారు. వేసవిలో కొండపల్లి అడవి అడుగంతా గోధుమ, ఎరుపు కలిసిన ఎండుటాకులే. మామూలు ఆరెంజ్ అందులో కలిసిపోతుంది. మెరిసిపోయే ఫ్లోరసెంట్ అయితే పర్లేదు. ముదురు గులాబీ గానీ నీలం గానీ ఇంకా మేలు, ఆ రంగు ఆకు అక్కడ ఏదీ ఉండదు. బ్యాచ్‌లో ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు ఉంటే నీలమే వాడండి. మెరుపు పోగు కలిపి నేసిన తాడు కూడా దొరుకుతుంది. రాత్రి టార్చి వేస్తే తళుక్కుమంటుంది.

పారాకార్డు మీద బాబాయ్ గారికి ఉన్న కోపం కొంత న్యాయమే. 550 అని అమ్మేది 550 పౌండ్లు, అంటే దగ్గర దగ్గర 250 కిలోల బరువు ఆపేది. పారాచూట్ల కోసం తయారైన తాడు. చాకుకి అంత బలం అక్కర్లేదు. ఒంటికి కట్టుకుంటే ఆ బలమే మనకి శత్రువు. తుమ్మ కొమ్మకి తగులుకుంటే తాడు తెగదు, మనిషి పడతాడు. ఎవరైనా బెల్టుకే కట్టి తీరతానంటే మధ్యలో ఎక్కడో గట్టిగా లాగితే తెగే నూలు దారం ముడి పెట్టండి. మెడలో వేసుకునేవాళ్లకైతే ఆఫీసు ఐడీ ట్యాగుకి వెనక ఉంటుందే, లాగితే ఊడొచ్చే ప్లాస్టిక్ క్లిప్పు, అది లేకుండా వద్దే వద్దు.

కుచ్చుకి మాత్రం పారాకార్డు బాగుంటుంది. పిడి రంధ్రం చిన్నదైతే కంగారు పడకండి. లోపలి తెల్ల పోగులు లాగేయండి, పై తొడుగు చదునై దూరుతుంది. తాడుని సగానికి మడిచి, మడత కొసని రంధ్రంలోంచి అవతలికి తీసి, విడి కొసలు రెండూ ఆ మడతలోంచి లాగి బిగిస్తే ముడి కూడా అక్కర్లేదు. కింద డైమండ్ నాట్, అంటే పూసలా ఉబ్బుగా ఉండే ముడి, ఒకటి వేస్తే వేళ్లకి పట్టు దొరుకుతుంది. కొసలు లైటర్‌తో కాల్చాక వేలితో నొక్కకండి. కరిగిన నైలాన్ చర్మానికి అంటుకుని కాలుస్తుంది. తడి చెంచాతో నొక్కండి.

మరీ పొడుగ్గా పెట్టకండి. పొడుగు కుచ్చు మడిచేటప్పుడు అలుగుకీ పిడికీ మధ్య ఇరుక్కుంటుంది. చాకు పూర్తిగా మూసుకోదు, మీరేమో మూసుకుందనుకుని జేబులో పెడతారు.

లాయరు గుమస్తా · ఆదివారం, ఉదయం 9:30

తాడు సంగతి సరే, జేబులో చాకు పెట్టుకు తిరిగితే పోలీసులు పట్టుకోరా?

బ్రాడీపేట 4వ లైను · ఆదివారం, ఉదయం 9:41

2016 ఆయుధ నిబంధనల్లో లెక్క 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న అలుగులకి. అవి కూడా ఇంటి పనికి, సేద్యానికి వాడేవైతే మినహాయింపు. మన మడత చాకులు అందులో సగం కూడా ఉండవు. గన్నవరం ఎయిర్‌పోర్టులో చేతి బ్యాగులో పెట్టుకెళ్తే మాత్రం ఎంత మంచి తాడు కట్టినా వదులుకోవాల్సిందే. దీని మీద వేరే చర్చ పెట్టుకోండి, ఇక్కడ వద్దు.

గేలం గుంటూరు · ఆదివారం, ఉదయం 10:15

4వ లైను అన్నా, అడవికి మీ కుచ్చు ఒప్పుకుంటా. నీళ్ల మీద ఒప్పుకోను. మునిగిపోయినదానికి గులాబీ రంగు ఉంటే నాకేం ఒరిగింది?

బ్రాడీపేట 4వ లైను · ఆదివారం, ఉదయం 10:28

కుచ్చుకి కార్క్ బిళ్ల గుచ్చు. తాళంచెవులకి అమ్మే చిన్నది బరువు చాకుని ఆపదు. ఎంత కార్క్ కావాలో ఇంట్లో బకెట్లో వేసి చూసుకుని వెళ్లు.

గేలం గుంటూరు · ఆదివారం, ఉదయం 10:33

చూశా. నా చాకు తేలాలంటే నిమ్మకాయంత కార్క్ కావాలి. అది జేబులో పట్టదు. అంచేత పడవలో నా తాడు నాదే. డాక్టరమ్మ గారి మాట విని ఒక మార్పు చేస్తా, తాడు నా బెల్టుకి కాకుండా పడవ బల్లకి కడతా. జారితే బల్ల పక్కన నీళ్లలో వేలాడుతుంది, నా కాలి మీదకి రాదు.

కొత్తపేట డాక్టరమ్మ · ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఇది బాగుంది. నాకు అభ్యంతరం లేదు.

నడక లీడర్ · ఆదివారం, సాయంత్రం 4:20

ఆ రూలు పెట్టింది నేనే. మావాడు ఇక్కడ పంచాయితీ పెట్టాడని ఇప్పుడే తెలిసింది. అందరికీ థ్యాంక్స్, కానీ ఒకటి అర్థం చేసుకోండి. మీరు ఒక్క మనిషి, ఒక్క చాకు గురించి మాట్లాడుతున్నారు. నేను ఎండ ముదిరేలోపు అందరినీ కిందికి దించాలి. కాలేజీ పిల్లలు ఉంటారు, మొదటిసారి వచ్చేవాళ్లు ఉంటారు. "జాగ్రత్తగా ఉండండి" అంటే ఎవడూ వినడు. తాడు అయితే కట్టారో లేదో బయల్దేరేటప్పుడే కంటికి కనపడుతుంది.

తెరిచిన చాకు ఊగుతుందన్న మాట మాత్రం నేను ఆలోచించలేదు. కాబట్టి బెల్టు తాడు తీసేస్తున్నా. బదులుగా ప్రతి చాకుకీ రంగు కుచ్చు ఉండాలి, బయల్దేరేటప్పుడు నాకు చూపించాలి. ఆగిన ప్రతి చోటా లేచేముందు "చాకులు" అని అరుస్తా, ఉన్నవాళ్లంతా కుచ్చు పట్టుకుని చూపించాలి. చూపించనివాడి చాకు తిరిగొచ్చేదాకా నా బ్యాగులో ఉంటుంది. దీని మీద ఇక వాదన లేదు.

కృష్ణలంక కుర్రాడు · ఆదివారం, సాయంత్రం 4:52

అన్నా, అరుపు అవసరమా? బడి పిల్లల్లా ఉంటుంది.

నడక లీడర్ · ఆదివారం, సాయంత్రం 4:55

అవసరమే. కిందటిసారి అందరం ఆగి వెతికింది ఎవరి చాకు కోసమో ఇక్కడ చెప్పమంటావా తమ్ముడూ?

కృష్ణలంక కుర్రాడు · ఆదివారం, సాయంత్రం 5:03

వద్దన్నా. గులాబీ రంగు తాడు వన్‌టౌన్‌లో ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్పండి. నేను అడిగిన కొట్లలో నలుపు, మిలటరీ పచ్చే ఉన్నాయి.

పటమట బాబాయ్ · ఆదివారం, సాయంత్రం 5:20

చేపల వలలు అమ్మే కొట్లో అడుగు. నీలం నైలాన్ తాడు కిలోల లెక్కన ఇస్తారు. నీకు మూరెడు చాలు, మిగతాది మీ బ్యాచ్ అందరికీ పంచు.